కాణిపాకంలో ప్రమాణం చెయ్యగలరా?

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే మా చిత్తూరు జిల్లాలో ఎవరికైనా భయమే. లాప్‌టాప్ కంపెనీల వాళ్ళని కూడా ఓసారి అక్కడ నిలబెట్టి "లోపల ఏ వైఫై చిప్పు పెట్టారు?" అని అడగాలి. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల చిప్పులు అమ్ముతారు మరి!

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. ఆ ఊళ్ళోనే ఉండే మా మరదలి పాత లాప్‌టాప్ 11కి పనికిరాదు, కొత్తది కొనే డబ్బుల్లేవు, డిగ్రీ ఇంకా రెండేళ్ళుంది. సరే, డెబియన్ వేద్దామని కూర్చున్నా. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ కూడా ఇన్‌స్టాలర్లోనే ఇస్తున్నారు (అలిగినవాళ్ళు అలిగారు, నాకు ఓటుంటే వేసేవాణ్ణి). అయినా ఆ కార్డు పలకలేదు. దాని ఫర్మ్‌వేర్‌ని పంచిపెట్టే లైసెన్సు లేదట, నెట్లోంచే దించుకోవాలి. నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ ఉండాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు!

ఆండ్రాయిడ్ ఫోన్ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశా. లినక్స్‌కి అది ఈథర్నెట్ కార్డులాగే కనిపిస్తుంది. పది నిమిషాల్లో వైఫై వచ్చింది.

మీరు సెకండ్ హ్యాండ్ కొంటుంటే లైవ్ యూఎస్‌బీ జేబులో పెట్టుకెళ్ళండి. బూట్ చేసి ఎల్ఎస్‌పీసీఐ కొడితే చిప్పు అసలు పేరు తెలుస్తుంది. సౌండు వస్తోందా, మూత వేసి తీస్తే లేస్తోందా అన్నది డబ్బులిచ్చే ముందే తేల్చుకోండి.

మరదలు ఇప్పుడు దాన్లోనే ప్రాజెక్టు రాసుకుంటోంది. ప్రింటర్ సంగతే ఇంకా తేలలేదు.