తడవుకొను లెక్కకు తగిన కొలత

ప్రాణికోటి తరతరములుగా మార్పుజెంది పరిసరముల కనుకూలమగు తీరుననుసరించి, కంప్యూటరుచేత లెక్కలకు జవాబులు వెదకించు పద్ధతి యొకటి కలదు. మిషిగన్ విశ్వవిద్యాలయ పండితుడగు జాన్ హాలెండ్ 1975వ సంవత్సరమున దీనినిగూర్చి యొక గ్రంథమును ప్రకటించెను.

పై తరగతివారికి దీనిని బోధించునపుడు మేము సులభమైన లెక్కను తీసికొందుము. సున్నలును ఒకట్లును కలగలిసిన 100 అంకెల వరుసను అన్నియు ఒకట్లుగా మార్చవలెను. ప్రోగ్రాము ఆ వరుసకు నకలు వ్రాసి, అందలి ప్రతి యంకెను నూటికొక పాలు అవకాశముతో తారుమారు చేయును. ఒకట్లు తగ్గనిచో క్రొత్త వరుసను నిలుపుకొనును, తగ్గినచో విడిచిపెట్టును.

ఎవరి ప్రోగ్రాము వేగమైనదని ఈ యేడు తరగతిలో వివాదము పుట్టెను. ఒకడు సెకండ్లను చూపెను. గాని వాని యంత్రము క్రొత్తది, రెండవవానిది పాతది. గడియారము యంత్రమును కొలిచెనేగాని పద్ధతిని కొలువలేదు. కావున సెకండ్లతోబాటు ప్రయత్నముల సంఖ్యనుగూడ వ్రాయుడంటిమి. ఇది పాచికలవంటి యాట గనుక ఒక్క పరుగుతో తీర్పు చెల్లదు. 30 మారులు నడిపి, ఫలితములను వరుసగా పేర్చి, నడిమి సంఖ్యను చూడుడంటిమి. తుది ఫలితమునే గాక నడుమనున్న ప్రతి మెట్టునుగూడ వ్రాయించితిమి.

ఆ పట్టిక విచిత్రమైన సంగతిని తెలిపెను. మొదట ఒకట్లు వడివడిగా పెరుగును. పని యంతయు ముగియుటకు సుమారు వేయి ప్రయత్నములు పట్టగా, కడపటి యొక్క సున్న మారుటకే సగటున 270 పట్టును. ఏలయన ఆ యొక్కటి మారునపుడు తక్కిన 99 చెడక నిలువవలెను. ప్రోగ్రాము మందగించలేదు, మిగిలిన పనియే కఠినమైనది.

మా విద్యార్థినియొకతె మూడు పరీక్షలలో 92 మార్కులు దాటకపోగా, ఆమెకు లెక్కలు మాన్పింతునని తండ్రి వచ్చెను. మేమీ పట్టికను ఆయన ముందుంచితిమి. ఆయన చాలసేపు చూచి, మరియొక యేడు చూతమనెను. ఆమె యిప్పటికిని లెక్కలు చదువుచున్నది.

బిడ్డలు గ్రుడ్డిగా తడవుకొను ప్రోగ్రాములు కారు, తప్పునుండి నేర్చుకొనగలరు. అయినను తలిదండ్రులారా, ఒక్కనాటి ఫలితముచేత, ఒక్క గడియారముచేత ఎవరిని తూచకుడు. వారెచ్చటనుండి బయలుదేరిరో, ఇక మిగిలిన మెట్టు ఎంత నిట్రమో చూచి పిదప తీర్పు చెప్పుడు.