బావర్చీ చేతికి ఫెహ్రిస్త్

బోయిగూడలో ఉండే మా ఆపా కూతురు రోజూ అమీర్‌పేట వెళ్లి జావా నేర్చుకుంది. ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. చేతికొచ్చింది ఓ పాత ప్రాజెక్టు. "మామూ, అన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే. క్లాసులో వీటిని ఒక్క రోజులో దాటేశారు. ప్రొబేషన్ అయ్యేలోపు ఇవి రాకపోతే ఇంటికి పంపేస్తారేమో" అంది. ఆ ఇంటికి ఆసరా ఆమె జీతమే. ఆ ఫికర్ నాకూ పట్టుకుంది.

ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, వార్తలు రాసుకునేవాణ్ని. నాకు కోడ్ రాదు. టింబర్ డిపోల రంపం మోత మధ్య కూర్చుని ఆమెనే అడిగాను, "బేటా, ఇది చేసే పనేంటి?" అని. ఆమె చెబుతుంటే నాకు దావత్ గుర్తొచ్చింది.

బావర్చీ గోష్త్ కోసం బజారుకు పోడు. ఇంటివాళ్లు ఫెహ్రిస్త్ ప్రకారం అన్నీ తెచ్చి దేగ్ పక్కన పెడతారు, అతను వండుతాడు. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోనూ అంతే. ఒక క్లాసు తనకు కావలసినదాన్ని తానే తయారు చేసుకోదు, కంటైనర్ తెచ్చి ఇస్తుంది. దీని పేరే డిపెండెన్సీ ఇంజెక్షన్. ఆ ఫెహ్రిస్తే ఎక్స్‌ఎంఎల్ ఫైలు. 'బీన్' ట్యాగులో ఐడీ, క్లాసు పేరు ఉంటాయి. దాని లోపలి 'ప్రాపర్టీ' ట్యాగులో ఏ బీన్ తెచ్చివ్వాలో 'రెఫ్' చెబుతుంది. గోష్త్ దుకాణం మారితే ఫెహ్రిస్త్ దిద్దితే చాలు, బావర్చీని కదిలించక్కర్లేదు.

ముష్కిల్ కూడా అక్కడే ఉంది. ఫైల్లో క్లాసు పేరు వట్టి అక్షరాలే. ఒక అక్షరం తప్పినా కంపైలర్ పట్టుకోదు, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు బయటపడుతుంది. పొయ్యి వెలిగించాక షాజీరా లేదని తెలిసినట్టు!

2004లో స్ప్రింగ్ 1.0 వచ్చినప్పుడు ఈ ఫైళ్లే ప్రధానమైన దారి. 2007లో 2.5తో 'ఆటోవైర్డ్' వంటి అనొటేషన్లు వచ్చాయి. ఫెహ్రిస్త్‌లోని మాటలు కోడ్‌లోకే చేరాయి. రాయడం తగ్గింది. కానీ ఎవరికి ఏది అందుతోందో ఒకేచోట చూసుకునే సౌకర్యం పాత ఫైల్లోనే ఎక్కువ.

"అంతా ఒకేసారి చదవకు. ఒక బీన్ పట్టుకో, దాని రెఫ్ ఎక్కడికి పోతుందో కాగితం మీద గీత గీయి" అన్నాను. వారం రోజుల్లో నోట్‌బుక్ గీతలతో నిండింది. ఇప్పుడు ఏ ఫైలు తెరిచినా ఆమె చెయ్యి వణకడం లేదు.

మన ఇళ్లలో పిల్లలు ఇలా చిక్కుకున్నప్పుడు "మాకేం తెలుసు, అదంతా ఇంగ్లీషు" అని లేచిపోకండి. పక్కన కూర్చుని "ఎవరికి ఏం కావాలట?" అని అడగండి. జవాబు చెబుతూ చెబుతూ సగం వాళ్లే నేర్చుకుంటారు.