గడప దగ్గర ఒక అడుగు

భయమెరుగని మనిషి లోకంలో ఉంటాడా? ఉంటాడనే నేను పదిహేనేండ్ల ప్రాయం వరకు గట్టిగా నమ్మాను. అటువంటి మనిషి కోసం నేను చరిత్ర గ్రంథాలు వెదకవలసిన అవసరం కలుగలేదు. కాశిబుగ్గలోని మా రెండు గదుల పెంకుటింట్లో, మగ్గం గుంటలోకి కాళ్లు జారవిడిచి, పొద్దుటి నమాజు మొదలు దీపాల వేళ వరకు ఆయన కూర్చొని ఉండేవారు. ఆయన మా నాన్నగారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మేము ఆయనను ‘అబ్బా’ అని పిలిచేవాళ్లం.

కాశిబుగ్గ వరంగల్లు నగరంలో ఒక పాత పేట. బుగ్గ అంటే నీటి ఊట. కాశీ విశ్వేశ్వరుని పేరు, ఊట పేరు కలిసి ఈ పేటకు పేరైనదని పెద్దలు చెబుతారు. వేకువన అజాన్, ఆ వెనుక గుడి గంట, దూరాన రైలు కూత మా వీధిని నిద్రలేపుతాయి. ఎండలు ముదిరే ముందు ఎనుమాముల మార్కెట్టుకు మిరప బస్తాల బండ్లు బారులు తీరుతాయి. ఆ ఘాటుకు తుమ్మని ఇల్లు ఉండదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఈ రెండింటి నడుమ ఒక గడప ఉన్నదని కూడా తెలియకుండానే మేము పెరిగాము.

అబ్బా జంపఖానాలు నేసేవారు. మా ఇంట్లో వాటిని శతరంజీలు అంటారు. కొత్తవాడ నుండి నూలు తెచ్చుకోవడం, నేసి మళ్లీ కొత్తవాడలోనే అప్పగించడం ఆయన జీవితక్రమం. వరంగల్లు తివాచీలు 1851లో లండన్ మహానగరంలో జరిగిన గొప్ప ప్రదర్శనలో నిలిచాయనీ, వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించిందనీ నేను పుస్తకాలలో చదివి ఆయనకు చెప్పాను. విని నవ్వారు. “లండన్‌లో దాని మీద ఎవరైనా కూర్చున్నారా, ఊరికే చూసి పోయారా?” అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. “పదిమంది కూర్చుంటేనే ఇది జంపఖానా బేటీ, లేకుంటే ఉత్త నూలు” అన్నారు. ఆ మాటలోని లోతు ఆనాడు నాకు అందలేదు.

నా చిన్ననాటి భయమంతా ఆ మగ్గం గుంటే. పిల్లలు అందులో పడి కాళ్లు విరగగొట్టుకుంటారని మా దాదీ ఒక ఉపాయం చేసింది. గుంటలో ఒక భూతం ఉన్నదనీ, ఒంటరిగా దగ్గరికి వచ్చిన పిల్లల కాళ్లు పట్టి లాగుతుందనీ చెప్పింది. నేను ఆ గది గడప దాటేదాన్ని కాదు. కాని అబ్బా మాత్రం రోజంతా ఆ చీకట్లోకే కాళ్లు పెట్టుకొని కూర్చునేవారు. భూతం ఆయననెందుకు లాగదు? ఆయనకు భయం లేదు కనుక! నా బాల్యపు తర్కం ఇంత సులువైనది.

మా దాదా ఆజంజాహీ మిల్లు కార్మికుడు. 1934లో నిజాం ప్రభువు కాలంలో వెలసిన ఆ మిల్లు వేల కుటుంబాలకు అన్నం పెట్టి, చివరకు మూతపడింది. నేను పుట్టేనాటికి దాని సైరను ఒక జ్ఞాపకం మాత్రమే. ఒకప్పుడు ఆ సైరనును బట్టే ఇంట్లో పొయ్యి వెలిగేదట, అన్నం గిన్నె సర్దేవారట. సైరను ఆగిపోయిన తరువాత కూడా దాదా అదే వేళకు లేచి, చెప్పులు వేసుకొని, వాకిట్లో నిలబడి, మళ్లీ లోపలికి వచ్చేవారని దాదీ చెబుతుండేది. దాన్ని నేనొక కథ వలె వినేదాన్ని. మా ఇంటికి వచ్చిన మొదటి భయం అదేనని అర్థం చేసుకొనే వయస్సు నాకు లేదు.

2021 సంవత్సరం వచ్చింది. నేను పదవ తరగతి. కరోనా రెండవ విజృంభణ కారణంగా ఏప్రిల్ నెలలో మా పరీక్షలు రద్దయ్యాయి. రాయకుండానే ఉత్తీర్ణులమైపోయామని నేనూ, నా స్నేహితురాండ్రూ ఫోన్లలో కేరింతలు కొట్టాము. అబ్బా మాత్రం అప్పటికే మాట తగ్గించారు. పెండ్లిళ్లు వాయిదా పడుతున్నాయి, సభలు లేవు. పదిమంది ఒకచోట కూర్చోకూడని కాలంలో జంపఖానాతో ఎవరికి పని? మగ్గం మీద ఒక పెండ్లివారి కోసం మొదలుపెట్టిన ఎరుపు, నీలం చారల పెద్ద జంపఖానా ఉన్నది. ఆ పెండ్లి ఆగిపోయిందని కబురు వచ్చినా ఆయన నేయడం మానలేదు.

రంజాను చివరి వారంలో ఆయనకు జ్వరం తగిలింది. తనంత తానే మగ్గం గదిలో చాప వేసుకొని, ఎవరూ లోపలికి రావద్దన్నారు. అమ్మీకి ఆయాసం ఉన్నది, తమ్ముడు చిన్నవాడు, దాదీ ముసలిది. అన్నమూ నీళ్లూ గడప దగ్గర పెట్టవలసిన పని నాకు పడింది. మూడవనాటి సాయంత్రం నేను నీళ్ల చెంబు పెట్టడానికి వంగాను. సరిగ్గా అప్పుడే ఆయన గోడ పట్టుకొని లేచి నా వైపు ఒక అడుగు వేశారు. దగ్గు తెర వచ్చింది. నేను చెంబు వదిలేసి ఒక్క ఉదుటున వెనక్కి అడుగు వేశాను. నీళ్లు గడప మీద ఒలికాయి. ఆయన అక్కడే ఆగిపోయి, నన్ను చూసి, “పో తల్లీ, పో” అన్నారు. నేను ముఖం తిప్పుకొని వంటింట్లోకి పరుగెత్తాను.

ఆ తరువాత నేను ఆయనను దగ్గరగా చూడనేలేదు. మే 12న రాష్ట్రంలో లాక్‌డౌన్ మొదలైంది. పొద్దున ఆరు నుండి పది గంటల వరకే బజారు. 14వ తేదీన పండుగ. ఆ రోజు షీర్ ఖుర్మా వండలేదు. మరునాడు ఊపిరి అందక ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయారు. పండుగ వెళ్లిన ఆరవనాడు కబురు వచ్చింది.

అంత్యక్రియలకు ఇరవై మందికి మించరాదన్నది ఆనాటి నిబంధన. మా అబ్బాకు ఆ ఇరవై మంది కూడా సమకూడలేదు. ఆసుపత్రి నుండి నేరుగా ఖబరస్తానుకు. మా వాకిట్లో జంపఖానా పరచలేదు. ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఇంటింటి పెండ్లికీ, దినవారాలకూ, ఊరి సభలకూ జంపఖానాలు నేసి ఇచ్చిన మనిషి పోయిననాడు, ఆయన పేరు మీద కూర్చుని ఒక మంచిమాట చెప్పుకొనే భాగ్యం కూడా లేకపోయింది. ఇరుగుపొరుగువారు మంచివారు. మూడు దినాలు మాకు పొయ్యి వెలిగించే పని లేకుండా చూశారు. కాని అన్నం గిన్నె ప్రహరీ గోడ మీద పెట్టి, దూరం నుండి పిలిచి వెళ్లేవారు. ఆ గిన్నెను తెచ్చుకుంటున్న ప్రతిసారీ గడప మీద ఒలికిన నీళ్లే నాకు కనిపించేవి. వారు చేసినదానికీ నేను చేసినదానికీ తేడా ఏమున్నది? వారు పొరుగువారు, నేను కూతురిని. తేడా అదొక్కటే.

అమ్మీ ఇద్దత్‌లో కూర్చున్నది. నాలుగు నెలల పది రోజులు గడప దాటరాదు. బజారూ, రేషనూ, కరెంటు బిల్లూ నా పాలబడ్డాయి. పరీక్ష రాయకుండా గట్టెక్కానని సంబరపడినదాన్ని, జీవితం చేతికిచ్చిన ప్రశ్నపత్రం ముందు నోరు తెరిచి నిలబడ్డాను. రాత్రి అమ్మీ దగ్గితే గుండె ఆగేది. తమ్ముని నుదురు నిద్రలో తాకి చూసేదాన్ని. మగ్గం గదికి మాత్రం గొళ్లెం పెట్టాము. అందులోకి ఎవరం వెళ్లలేదు. మగ్గం అమ్మేస్తే నాలుగు డబ్బులు వస్తాయని బంధువులు సలహా ఇచ్చారు. అమ్మీ తల ఊపింది. నేను కూడా లోలోపల సంతోషించాను. గది ఖాళీ అయితే నా భయమూ ఖాళీ అవుతుందనుకున్నాను.

అడ్డుపడినది దాదీ. ఒక వానాకాలపు మధ్యాహ్నం నన్ను పిలిచి, “కైకు డర్తీ బేటీ?” అని అడిగింది. ఎందుకు భయపడుతున్నావు అని. నేను ఏమీ లేదన్నాను. ఆమె నవ్వలేదు. “గుంటలో భూతం ఉన్నదని చెప్పినదాన్ని నేనే. లేదని చెప్పవలసినదాన్నీ నేనే. సైరను ఆగిపోయాక మీ దాదా ఏడాది పాటు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు గాని, గేటు వరకు పోయి అది మూతపడి ఉన్నదని కండ్లతో చూడలేకపోయాడు. చూసి వచ్చిననాడే కడుపునిండా తిన్నాడు. నువ్వు లోపలికి పోయి చూసి రా” అన్నది.

గొళ్లెం తీశాను. పాత నూలు వాసన, తేమ వాసన. చాప చుట్టి మూలన పెట్టి ఉన్నది. మగ్గం మీద ఎరుపు, నీలం చారలు అట్లాగే ఉన్నాయి. ఇంకా మూరన్నర నేయవలసి ఉన్నది. నేను గుంట అంచున కూర్చొని కాళ్లు కిందికి దించాను. అడుగున చల్లని మట్టి, అబ్బా పాదాలకు అరిగి నునుపెక్కిన చెక్కలు. అంతకుమించి అక్కడ ఏమీ లేదు. అక్కడ కూర్చునే, ఆయన పోయిన తరువాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను.

మా వీధి చివర ఉండే పద్మశాలి తాత అబ్బాకు పాత స్నేహితుడు. కబురు పంపగానే వచ్చాడు. “బిడ్డా, మగ్గం మీద బట్టను సగంల ఇడిసిపెట్టద్దు. మీ నాయిన ఎన్నడు ఇడ్వలే” అన్నాడు. నాడె విసరడం, పలకతో పేకను కొట్టడం చూపించాడు. అబ్బా నాలుగు రోజులలో ముగించే మూరన్నర నాకు నెలన్నర పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన నేత ముగిసి నా నేత మొదలైన చోటు గుడ్డివారికి కూడా తెలుస్తుంది. అక్కడి నుండి అంచు వంకరలు పోయింది.

అమ్మీ గడప అవతల కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టి ఇచ్చేది. ఒకనాడు నేను చేయి ఆపి, ఆ సాయంత్రం సంగతి ఆమెకు చెప్పాను. నేను వెనక్కి అడుగు వేశానని, ఆయన చూశారని, క్షమాపణ అడిగే వీలు కూడా లేకపోయిందని. అమ్మీ చాలాసేపు రాట్నం తిప్పుతూనే ఉన్నది. తరువాత అన్నది: “ఆ రాత్రి తలుపు అవతలి నుండి ఆయన నాకు ఆ మాట చెప్పారు. ‘కాలు తడబడి దాని మీదికే పోయాను. నేను చెప్పకముందే అది దూరం జరిగింది. తెలివైన పిల్ల. ఇక నాకు కొంచెం నిద్ర పడుతుంది’ అన్నారు. మూడు రాత్రులు ఆయన మేలుకొని ఉన్నది జ్వరంతోనే అనుకున్నావా? మీకు అంటుకుంటుందన్న భయంతో.”

భయమెరుగని మనిషి ఆనాడు నా మనస్సులో నుండి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో, మూడు రాత్రులు నిద్రలేక గోడకానుకొని కూర్చున్న ఒక తండ్రి వచ్చి నిలిచాడు. ఈ తండ్రే నాకు ఎక్కువ దగ్గరివాడు. పెద్దలకు భయం ఉండదని పిల్లలు అనుకుంటారు. ఉంటుంది. అయితే అది తమ కోసం కాదు కనుక పిల్లల కంటికి కనబడదు. నేను వెనక్కి వేసిన అడుగు నా కోసం వేసుకున్నది. ఆ సంగతి ఇప్పటికీ మారదు. కాని దానిని చూసి ఆయన ఊపిరి పీల్చుకున్నారన్నదీ అంతే నిజం. ఈ రెండు నిజాలనూ ఒకేచోట ఉంచుకొని బ్రతకడం నేర్చుకొనడమే ఎదగడం కాబోలు.

2022 మే నెలలో అబ్బా సంవత్సరీకపు ఫాతెహా జరిగింది. మా వాకిట్లో ఆ ఎరుపు, నీలం జంపఖానా పరిచాము. అంతకుముందు ఏడాది రాలేకపోయినవారందరూ వచ్చారు. గోడ మీద గిన్నె పెట్టి వెళ్లినవారు వచ్చారు, కొత్తవాడ నేతగాండ్రు వచ్చారు, పద్మశాలి తాత ముందు వరుసలో కూర్చున్నాడు. వంకర అంచు మీద ఎవరు కూర్చుంటారోనని నేను సిగ్గుపడుతూ చూశాను. దాదీ పోయి అక్కడే కూర్చున్నది.

ఇప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. తమ్ముడు సైకిలు మీద పోయి పొద్దుగూకినా రాకపోతే నర్సంపేట రోడ్డు వైపు చూస్తూ వాకిట్లో నిలబడతాను. వాడు వచ్చి, “అక్కకు దేనికీ భయం లేదు” అని స్నేహితులతో చెబుతుంటాడు. నేను కాదనను.

ఆ జంపఖానాను మేము అమ్మలేదు. మా వీధిలో ఎవరింట కార్యం జరిగినా, వారు వీరు అన్న భేదం లేకుండా వచ్చి అడిగి తీసుకుపోతారు. తిరిగి వచ్చేటప్పుడు దాని మీద పసుపో, చాయ్ మరకో ఉంటుంది. అమ్మీ విసుక్కోకుండా ఉతికి ఎండలో ఆరవేస్తుంది. పదిమంది కూర్చుంటేనే కదా అది జంపఖానా.