ఆకుల లెక్క – పుటల లెక్క

మా అమ్మాయి కంప్యూటర్ ఇంజనీరు. లినక్స్ వ్యవస్థకు గర్భగృహం వంటి 'కెర్నెల్' భాగానికి ప్రోగ్రాములు రాయడం ఆమె వృత్తి. నేను ప్రబంధాలతో తల నెరిసినవాణ్ణి. ఒకరి విద్య మరొకరికి అంతగా తెలియదు. ఒక సంక్రాంతి సెలవులలో ఆమె చిన్నబోయిన ముఖంతో కూర్చున్నది. పదిహేను రోజులు శ్రమించి రాసినదానిని పరిశీలకులు తిప్పి పంపారట.

"బఫరు పొడవును ఒకచోట ఒక రకం సంఖ్యగా, వేరొకచోట ఇంకొక రకంగా ప్రకటించాను నాన్నగారూ. అన్నిచోట్లా ఒకటే ఉండాలన్నారు."

"ఇంత మాత్రానికేనా?" అన్నాను. ఆమె నవ్వలేదు. కాగితం తెచ్చి వివరించింది.

బఫరు అంటే ప్రయాణంలో ఉన్న సమాచారం తాత్కాలికంగా నిలిచే తొట్టి. దాని పొడవును యంత్రం ఒక సంఖ్యగా గుర్తుంచుకొంటుంది. బిట్లు అనే గడులు పదహారు ఉన్నాయనుకొందాం. రుణసంఖ్యలకు తావివ్వకపోతే వాటిలో 65,535 వరకు రాయవచ్చు. తావిస్తే 32,767 దాటరాదు. మొదటి పద్ధతిలో రాసిన 40,000 రెండవ పద్ధతిలో చదివితే రుణ 25,536 అవుతుంది. గడులలోని గుర్తు ఒక్కటీ మారదు. చదివే తీరే మారుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువైనట్లు అనుకొన్నాను. కాని ఛందస్సులో ఆ మార్పును గుర్తించడానికి నియమమున్నది. ఇక్కడ యంత్రం చాలాసార్లు హెచ్చరించనైనా హెచ్చరించదు.

పొడవు ఎన్నడూ రుణం కాదు కదా, మరి ఈ చిక్కెందుకని అడిగాను. పని విఫలమైనదని తెలపడానికి కెర్నెల్ రుణసంఖ్యలనే వాడుతుందట. అందువల్ల రెండు రకాలూ పక్కపక్కనే తిరుగుతుంటాయి.

2021 జూలైలో బయటపడిన ఒక దోషాన్ని ఆమె ఉదాహరించింది. కెర్నెల్‌లో ఒక భాగం బఫరు పరిమాణాన్ని రుణం కాజాలని 64 బిట్ల సంఖ్యగా ఉంచింది. దానిని అందుకొన్న మరొక భాగం, రుణం కూడా కాగల 32 బిట్ల సంఖ్యగా తీసుకొన్నది. పరిమాణం చిన్నదైనంత కాలం పేచీ లేదు. రెండు గిగాబైట్లకు చేరగానే అది రుణసంఖ్య అయింది. తొట్టి చివర రాయవలసిన పది బైట్లు తొట్టికి ఎంతో వెనుక, పరాయి స్థలంలో పడ్డాయి. ఆ సందుగుండా, యంత్రంలో ఖాతా ఉన్న సామాన్యుడెవరైనా యంత్రమంతటికీ అధిపతి కాగలడని నిపుణులు నిరూపించారు. అది ఎవరైనా తెరిచి చదవగల ప్రోగ్రామే. అయినా 2014 నుండి ఏడేళ్లు ఎవరి కంటా పడలేదు.

నా పరిశోధన రోజులు జ్ఞాపకం వచ్చాయి. తాళపత్ర ప్రతులను పరిశీలిస్తూ నేను ఒక పుస్తకంలో ఆకుల సంఖ్య, మరొకదానిలో పుటల సంఖ్య రాసుకొన్నాను. ఆకుకు రెండు పుటలు; నలభై ఎనిమిదవ ఆకంటే తొంభై అయిదు, తొంభై ఆరు పుటలు. సిద్ధాంత వ్యాసంలో రెండూ కలిసిపోయాయి. మా గురువుగారు ఒకచోట వేలుపెట్టి, "ఈ నలభై ఎనిమిది ఆకా, పుటా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. అంకె ఉన్నది గాని, అది దేని అంకెయో నేను రాసుకోలేదు. మూడు నెలలు మళ్లీ ఆ ఆకుల ముందు కూర్చున్నాను.

ఈ సంగతి చెబితే అమ్మాయి మొదటిసారి నవ్వింది. ఆ రాత్రి ఆమె సవరిస్తుంటే, పొడవును సూచించే పేరు ఎక్కడెక్కడ ఉన్నదో నేను పక్కన కూర్చొని వెతికిపెట్టాను. పదిహేడు చోట్ల దొరికింది. పద్దెనిమిదవది ఆమెకు కనబడింది.