అంతర్జాల నియమములు – మన యింటి బాలికలు

ఇంటి కట్టుబాట్లను పెద్దలే యోచించి నిర్ణయించుట మనలో అనాదిగా వచ్చుచున్న మర్యాద. ఐనను తెలివిగల యిల్లాలు కూతురి మాటయు, కోడలి మాటయు ఒకసారి వినక యే కట్టుబాటును చేయదు. ఏలయన, పైకి చెప్పునది యొకటియు, లోపల జరుగునది యొకటియు నైనచో ఆ కట్టుబాటు నాలుగు దినములైనను నిలువదని యామె యెరుగును. ఇంటికి చెల్లిన యీ నీతి, నేడు లోకమంతటిని చుట్టుకొనియున్న అంతర్జాలమునకును చెల్లును. దానిని గూర్చిన చట్టములు చేయునపుడు పడుచువారిని, ముఖ్యముగా మన బాలికలను, అడిగి తెలిసికొనవలెనని చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2023లో మన పార్లమెంటు ప్రజల స్వంత వివరముల రక్షణకై యొక చట్టము చేసినది. మన పేరు, వయస్సు, ఫోను నంబరు, ఫోటో మొదలగు వాటిని సాధారణముగా మన సమ్మతి లేనిదే సంస్థలు వాడుకొనరాదని దాని సారాంశము. ఆ చట్టపు ఇంగ్లీషు ప్రతిలో స్త్రీయైనను పురుషుడైనను వ్యక్తిని ‘ఆమె’ యనియే పేర్కొనుట మనకు ముచ్చట గొలుపు విషయము. సమ్మతి కోరు పత్రమును ఇంగ్లీషులోనే కాక, తెలుగు మొదలగు 22 భాషలలో దేనియందైనను చదువుకొను వీలు కల్పింపవలెనని కూడ అందు గలదు. ఇక 18 ఏండ్లు నిండని వారందరును ఆ చట్టము దృష్టిలో పిల్లలే. వారి వివరములు తీసికొనుటకు ముందు తల్లిగాని తండ్రిగాని అనుమతించినట్లు రుజువుండవలెను. పిల్లల పోకడలను కనిపెట్టి, వారికే గురిపెట్టి ప్రకటనలు చూపుటయు నిషిద్ధము. ఉద్దేశము మంచిదే. కన్నతల్లి యెవతె దీనిని కాదనును?

మా అక్కగారిది కర్నూలు జిల్లాలో ఒక మెట్టపల్లె. ఆమె కుమార్తె పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని కడప జిల్లా ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీలో చేరినది. పల్లెల పిల్లలకు పెద్ద చదువు అందవలెనని 2008లో స్థాపించిన విశ్వవిద్యాలయమునకు చెందిన విద్యాలయమది. పదవ తరగతి ముగియగనే చేర్చుకొని, ఆరేండ్లు అచటనే యుంచి ఇంజనీరింగు చెప్పుదురు. కావున చేరిన పిల్లలు మొదటి రెండు మూడేండ్లు ఇంటికి దూరముగా నుండియు చట్టము లెక్కలో పిల్లలే.

2025 జనవరి 3వ తేదీన ప్రభుత్వము ఆ చట్టమునకు సంబంధించిన నియమముల చిత్తుప్రతిని ప్రకటించి, ప్రజల అభిప్రాయములను కోరినది. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అక్క కూతురు దానిని చదివి నాతో ఇట్లన్నది: “చిన్నమ్మా, ఈ నియమము మా యింట ఎట్లు నడుచునో చెప్పనా? అమ్మకు చదువు రాదు. ఆమె ఫోనుకు వచ్చిన ఓటీపీని చదువునది నేను. బ్యాంకులో సొమ్ము పడినదా, గ్యాసుబండ బుక్కయినదా యని చూచునది నేను. నాకు అమ్మ అనుమతి కావలెనని ఫోను అడిగినచో, ఆ అనుమతిని నొక్కునదియు నేనే! పోనీ, నాయనను అడిగెదనన్నచో, తమ్మునికి వెంటనే సరే యనును. ఆడపిల్లకు ఫోనెందుకనును.”

ఆ మాట నా మనస్సును వదలలేదు. 2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా స్త్రీలలో చదువు వచ్చినవారు సగమునకు కొంచెము తక్కువ, కడప జిల్లాలో సగమునకు కొంచెము ఎక్కువ. అట్టి సంసారములలో తల్లికి ఫోను నేర్పునది బిడ్డయే. ఢిల్లీలోని పెద్దలకు ఈ సంగతి తోచకపోవుట వారి తెలివితక్కువ కాదు. వారు మా అక్క వంటింటి గడప తొక్కలేదు, అంతియే.

తన అభిప్రాయమును వ్రాసి పంపెదనని పిల్ల యనగా మా బావగారు అభ్యంతరము చెప్పిరి. ఆడపిల్ల పేరు సర్కారు కాగితములకు ఎక్కుట ఎందుకని ఆయన భయము. అప్పుడు మా అక్క, “దాని పేరు వద్దన్న నా పేరు పెట్టుడు. అనుమతి అడుగునది నన్నే గదా, చెప్పవలసినదియు నేనే,” అన్నది. బావగారు మరి మాటాడలేదు. తల్లి చెప్పుచుండగా కూతురు వ్రాసినది. నియమములు 2025 నవంబరులో ఖాయమైనవి. 18 ఏండ్ల హద్దు అట్లే నిలిచినది. తల్లిదండ్రుల అనుమతికి సంబంధించిన భాగము 18 నెలల గడువు పిదప అమలగునట్లు ఏర్పాటు చేసిరి. ఐనను ఆ తల్లీకూతుండ్ర మాట వ్యర్థమని నేననను. వినవలసిన మాట నేటికిని వినవలసినదే.

దూరమున కూర్చుండి చేసిన యేర్పాట్లు ఎట్లుండునో మన కర్నూలు, కడప వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ రెండు సీమలను కలుపు కాలువను 1860 దశకములో త్రవ్వించినది లండనులో మూలధనము కూర్చుకొన్న యొక కంపెనీ. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, నీరు పారించినచో రైతులు ఎగబడి కొందురని లెక్కలు వేసిరి. నల్లరేగడిలో వాననమ్మి జొన్న, కొర్ర పండించుకొను రైతు ఆ నీటిని వారనుకొన్నంత కొనలేదు. కంపెనీ నష్టపడి, 1882లో కాలువను ప్రభుత్వమే తీసికొనవలసి వచ్చినది. ఆయకట్టు రైతులే యెన్నుకొను నీటి వినియోగదారుల సంఘములకు చట్టము వచ్చుటకు 1997 వరకు పట్టినది. నీరు చివరి మడికి చేరినదో లేదో ఆ మడి రైతుకే తెలియునని ఒప్పుకొనుటకు అంత కాలము గడిచినది. అంతర్జాలమునకు చివరి మడి మన పల్లెలోని బాలిక.

పడుచువారి మాట ఎల్లప్పుడును గాలికి పోవుననుకొనరాదు. 2015లో ఫేస్‌బుక్కు కంపెనీ కొన్ని సైట్లను మాత్రమే ఉచితముగా చూపు పథకమును రిలయన్సు ఫోనులలో ప్రవేశపెట్టినది. మొట్టమొదట ప్రవేశపెట్టిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు కూడ నుండెను. ఉచితమన్నచో చేదా? కాని ఏది చూడవలెనో కంపెనీ నిర్ణయించుట తగదని దేశమందలి యువజనులు పట్టుబట్టిరి. ట్రాయ్ అను టెలిఫోను నియంత్రణ సంస్థకు పది లక్షలకు పైగా ఉత్తరములు వెళ్లినవి. 2016 ఫిబ్రవరి 8వ తేదీన ట్రాయ్, చూచు విషయమును బట్టి వేర్వేరు ధరలు పెట్టరాదని శాసించినది.

లోకమంతటికి సంబంధించిన చర్చలును మనకు మరీ దూరమైనవి కావు. అంతర్జాలమునకు ఏ యొక్క ప్రభుత్వమును యజమాని కాదు. కావున ప్రభుత్వములు, కంపెనీలు, పండితులు, సామాన్యులు కలిసి చర్చించుటకు ఐక్యరాజ్యసమితి 2006లో ఏథెన్సు నగరమున ఒక వేదికను ఆరంభించినది. దాని మూడవ సమావేశము 2008 డిసెంబరులో మన హైదరాబాదులోనే జరిగెను. ‘అందరికి అంతర్జాలము’ అనునదే ఆనాటి నినాదము. అంతర్జాలపు పేర్లను, చిరునామాలను సవరించు ఐకాన్ సంస్థయు 2016 నవంబరులో అచటనే కూడినది. 18 మొదలు 30 ఏండ్ల లోపు విద్యార్థులను తన సభలకు పిలుచుటకు ఆ సంస్థ ప్రత్యేకమైన యేర్పాటు చేసినది. పల్లెపిల్లలు ఆ పీటల మీద కూర్చుండుటకు తగరా?

“పసివాండ్రకు ఏమి తెలియును? దొంగ అప్పుల యాపులు, జూదపు ఆటలు, ఫోటోలను మార్చి బెదిరించు దుర్మార్గులు పొంచియుండగా వారి మాట వినుటయా?” అని కొందరు తల్లులు అడుగవచ్చును. ఆ భయము నాకును గలదు. కాని ఆ గోతులను మొదట చూచునది వారే. చెప్పినచో ఫోను లాగికొందురని, చదువు మాన్పింతురని భయపడిన బిడ్డ గోతిలో పడియు నోరు మెదపదు. అడుగుట వేరు, అప్పగించుట వేరు. పెద్దల మాటయైనను ఒకటిగా నున్నదా? అమెరికాలో హద్దు 13 ఏండ్లు. ఐరోపాలో 16, దేశములు 13 వరకు తగ్గించుకొనవచ్చును. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుండి 16 ఏండ్ల లోపువారికి ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము వంటి వాటిలో ఖాతాలు కూడదన్నది. తమకు సంబంధించిన విషయములలో పిల్లల అభిప్రాయము వినవలెనని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో నున్నది. మన దేశము 1992లో దానికి సమ్మతించినది.

సోదరీమణులారా, మనము చేయదగినది చాల గలదు. ఫోనులో ఎదురైన మంచిచెడ్డలను కోపపడక బిడ్డల నడిగి తెలిసికొందము. సమ్మతి పత్రమును తెలుగులో చూపుమని కోరుదము. మోసము జరిగినచో 1930 నంబరుకును, పిల్లలకు ఆపద కలిగినచో 1098కిని ఫోను చేయవచ్చునని ఇంటిల్లిపాదికి నేర్పుదము. ప్రభుత్వము అభిప్రాయములు కోరినపుడు చదువుకొన్న కూతురిచేత, చదువురాని తల్లి మాటను కూడ చేర్చి వ్రాయింతము. పేరు బయటపడునని వెనుదీయవలదు. మన బిడ్డలు నోరు తెరువకున్నచో, వారి తరఫున మాటాడుటకు కంపెనీలు సిద్ధముగానే యున్నవి. ఇందులకు ప్రతి గృహిణియు తన యింటినుండియే ఆరంభించుగాక యని కోరుచున్నాను.