పాత కారుకి రంగు అతకదెందుకు?

పాత కారుకి సొట్ట తీయించడం తేలికే, రంగు దగ్గరే అసలు తంటా. టింకరింగ్ షెడ్డువాళ్ళు బండి మొత్తానికి వేయిస్తేనే కలుస్తుందంటారు. 2014లోనే తయారీ ఆగిపోయిన మారుతి 800కి అంత పెట్టబుద్ధి కాలేదు నాకు.

కంపెనీ కలర్ కోడ్ చెప్పి స్ప్రే డబ్బా కొంటే పోలా అంటారా? ఆ కోడు కారు పుట్టినప్పటి రంగుది. మన బండి ఏళ్ళ తరబడి ఎండలో వెలిసిపోయింది కదా! అందుకే పెట్రోలు మూత మీది రేకు విప్పి, రబ్బింగ్ కాంపౌండుతో రుద్ది, రంగులు కలిపే కొట్టుకి పట్టుకెళ్ళాను. దాన్ని చూసి కలిపిచ్చారు.

ముందు అట్టముక్క మీద కొట్టి, ఆరాక పగటి వెలుతురులో పోల్చుకోవాలి. ట్యూబులైటు కింద కళ్ళు మోసపోతాయి. నాది మామూలు తెలుపు కాబట్టి సరిపోయింది. మెటాలిక్ అయితే ఎంత దూరం నుంచి కొట్టామన్నదాన్ని బట్టి కూడా ఛాయ మారిపోతుంది. తలుపు మధ్యలో ఆపకుండా అంచుదాకా కొడితే తేడా అంతగా కనబడదు.

పరీక్షగా చూస్తే ఇప్పటికీ తెలుస్తుందనుకోండి. తెలియనీండి! అలా మిగిలే డబ్బుని రంగుకి ముందే తుప్పు గీకించడానికీ, మంచి ప్రైమరుకీ పెట్టాను. రంగు కాస్త తేడాగా ఉన్నా బండి తిరుగుతుంది, లోపల తుప్పు ఉంటే తిరగదు. ఏమంటారు?