కింది రెండు సిలిండర్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం తమ్ముళ్ళు వన్ టౌన్‌లో మా షెడ్డుకు వచ్చి అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన హాస్టల్ పూర్వ విద్యార్థులలో ఆఫీసర్లున్నారు, హెడ్మాస్టర్లున్నారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి వాళ్ళు నాకంటే బాగా రాస్తారు. నాకు తెలిసిందల్లా ఇంజన్లు. అదే రాయండన్నారు కాబట్టి పెద్ద మోడల్ విమానానికి పెట్రోలు రేడియల్ ఇంజను బిగించిన సంగతి రాస్తున్నాను. బెజవాడలో ఇలాంటి పని ఏడాదికొకటి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో నా చేతికి వచ్చేవి మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, కాలవ నీళ్ళు తోడే ఇంజన్లు.

1990 మే నెల తుపానుకు దివిసీమలో మా ఇల్లు పోయింది. మరుసటి ఏడాది నాన్న నన్ను ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేర్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే మా మేనమామ షెడ్డుకు వెళ్ళిపోయేవాణ్ణి. అక్కడ పెట్రోలు మీద స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చే నీళ్ళ ఇంజన్లుండేవి. తాడు చుట్టి లాగితే భుజం ఊడిపోయేంత పని. "ఇంజను మాట్లాడుతుంది, నువ్వు నోరు మూసుకుని వినరా" అనేవాడు మావయ్య. పాలిటెక్నిక్‌లో రెండో ఏడు చదువుతుండగా నాన్నకు పక్షవాతం వచ్చింది. నేను షెడ్డులోకి వచ్చేశాను. 2004లో గల్ఫ్ వెళ్ళాను.

అక్కడ ఎడారిలో మోడల్ విమానాలు ఎగరేసే షోకు ఉన్నవాళ్ళు చాలామంది. రెక్కలు రెండు మీటర్లు, మూడు మీటర్లు ఉండే విమానాలు. వాటి ఇంజన్లు బిగించే ఒక షెడ్డులో నేను హెల్పర్ని. చేసేది ఫిట్టరు పని, జీతం హెల్పరుది. ఎందుకంటే డిప్లొమా కాగితం లేదు. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి.

రేడియల్ ఇంజను మొదట చూసింది అక్కడే. సైకిలు చక్రానికి పుల్లలున్నట్టు చుట్టూ సిలిండర్లు, మధ్యలో ఒకటే క్రాంకు. ఒక పెద్ద రాడ్డు క్రాంకును పట్టుకుంటే మిగతా రాడ్లు దాని చెవులకు తగులుకుని ఉంటాయి. ఒక్కో వరసలో సిలిండర్లు ఎప్పుడూ బేసి సంఖ్యే. ఎందుకో తెలుసా? ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండాలి. అందుకని ఒకటి వదిలి ఒకటి మండుతూ పోతుంది. అయిదు సిలిండర్లయితే 1, 3, 5, 2, 4. మళ్ళీ ఒకటి. నాలుగే ఉంటే 1, 3 అయ్యాక మళ్ళీ ఒకటో దాని దగ్గరికే వస్తుంది, 2, 4 లకు వంతే రాదు. కాగితం మీద గీసి చూసుకోండి, లెక్కల మాస్టారు కూడా మెచ్చుకుంటారు. ఒకప్పుడు బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ వారు నడిపిన డకోటాలకు ఒక్కో ఇంజనులో 14 సిలిండర్లు. అవీ బేసే, ఏడేసి చొప్పున రెండు వరసలు.

ఇక అసలు పని. వైమానిక దళంలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మా షెడ్డుకు రిక్షా ఆటోలో ఒక పెట్టె తెచ్చారు. అందులో జపాన్ వారి సైటో మూడు సిలిండర్ల ఇంజను, 33 సి.సి. అమెరికాలో ఉన్న కొడుకు పంపాడట. ఆయన వయసులో ఉండగా పనిచేసింది హార్వర్డ్ శిక్షణ విమానాల మీద. దాని ఇంజను తొమ్మిది సిలిండర్లు, 600 హార్స్ పవరు, సుమారు 22 లీటర్లు. ఇప్పుడాయన ఇంట్లో రెండు మీటర్ల హార్వర్డ్ నమూనా చెక్కతో తయారై కూర్చుంది. ఇంజను బిగించాలంటే ఆయన చేతులు వణుకుతున్నాయి. స్క్రూ డ్రైవరు గాడిలో నిలవదు.

"ఏమయ్యా, నువ్వు ఎంతవరకు చదివావు?" అని అడిగారు. చెప్పాను. కాసేపు నా చేతుల వంక చూసి, "సరే, నేను స్టూలు మీద కూర్చుంటాను, నువ్వు చెయ్యి" అన్నారు. ఆ ఇంజను ఖరీదు మా షెడ్డు ఏడాది అద్దె కంటే ఎక్కువ. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మూడు సిలిండర్లలో ఒకటి నిటారుగా పైకి ఉంటుంది, రెండు కిందికి వాలి ఉంటాయి. తంటా అంతా ఆ కింది రెండింటితోనే. ఈ ఇంజనుకు ఆయిలు వేరే పోసే గుంట లేదు. పెట్రోలులోనే కలపాలి, మేము 20 వంతులకు ఒక వంతు కలిపాం, లీటరుకు 50 మిల్లీలీటర్లు. ఆగి ఉన్నప్పుడు లోపలి ఆయిలంతా కిందికి దిగి రింగుల పక్కనుంచి ఆ సిలిండర్లలోకి చేరుతుంది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, ఆయిలు నొక్కుకోదు. వాల్వులు మూసుకుని ఉన్నప్పుడు బలవంతాన తిప్పితే రాడ్డు వంగాల్సిందే. గల్ఫ్‌లో ఒకసారి మా పైవాడు వారం రోజులు నిలబెట్టిన ఇంజనుకు నేరుగా ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టాడు. ముందు చేత్తో తిప్పి చూడమన్నాను. హెల్పరు మాట ఎవరు వింటారు? టక్‌మని ఒక చిన్న చప్పుడు, అంతే. కొత్త రాడ్డు రావడానికి రెండు నెలలు పట్టింది.

కింద ఉన్నవాటి మీదికే అన్నీ చేరతాయి అనే మాట మీద మన వార్డెన్ గారు మంచి ఉపన్యాసం చెప్పగలరు, ఆ పని ఆయనకే వదిలేస్తున్నాను. మెకానిక్‌గా నేను చెప్పేది ఇంతే. ముందు కింది రెండు ప్లగ్గులు విప్పండి, గుడ్డ పట్టండి, ప్రొపెల్లరును చేత్తో తిరిగే దిక్కుకే నిదానంగా తిప్పండి. వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పితే ఆయిలు ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి దాక్కుంటుంది, స్టార్టయ్యాక మళ్ళీ లోపలికొస్తుంది. ఈ మాట నేను అనబోతుంటే పెద్దాయనే స్టూలు మీద నుంచి అన్నారు. యాభై ఏళ్ళ క్రితం హార్వర్డ్ ముందు నిలబడి రోజూ చేసిన పని కదా.

మా ఇద్దరికీ పేచీ వచ్చింది ముందు కప్పు దగ్గర. అసలు హార్వర్డుకు ముందు భాగం గుండ్రంగా తెరుచుకుని సిలిండర్లు కనబడుతుంటాయి. మోడల్లోనూ అలాగే ఉండాలి, లోపల రేకులేవీ అడ్డం పెట్టొద్దని ఆయన పట్టు. "బాబాయి గారూ, గాలి దారి ఉన్న చోటికే పోతుంది, సిలిండరు మధ్యలోకి దానంతటది రాదు" అన్నాను నేను. బెజవాడ మే నెల ఎండలో అది మరీ ప్రమాదం. సిలిండర్ల మధ్య సందుల్లో పల్చటి అల్యూమినియం రేకు కత్తిరించి పెట్టి, నల్ల రంగు వేశాను. ఇప్పుడు గాలి చచ్చినట్టు రెక్కల సందుల్లోంచే పోవాలి. బయటికి పోయే దారి లోపలికొచ్చే దారికి రెట్టింపుకు తక్కువ కాకుండా కింద కోశాను. నల్ల రంగులో రేకు కనబడటం లేదని చూశాక ఆయన మెత్తబడ్డారు.

సైలెన్సరు ఏసీలు బాగుచేసే కుర్రాడితో చేయించాను. మూడు సన్న స్టీలు గొట్టాలు వంచి, వెండి టంకంతో ఒక కడియానికి అతికించాడు. అతుకులు చూసి పెద్దాయన అతనికి టీ తెప్పించారు. నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నిషన్ పెట్టెను రిమోటు రిసీవరుకు దూరంగా, ముందు వైపే పెట్టాం. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను పీలుస్తుంది, మామూలు రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకే గొట్టాలు మార్చాను, నడిపిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేయాలని కాగితం రాసి అంటించాను.

మొదటిసారి స్టార్టు చేసిన ఆదివారం మన హాస్టల్లో పదో తరగతి చదివే ఒక తమ్ముడు షెడ్డులో ఉన్నాడు. ఇంజను అందుకుంది, కానీ చప్పుడు కుంటుతోంది. మూడింట్లో ఏదో ఒకటి మండటం లేదు. ఏదని నేను చెవి పెట్టి వింటుంటే, "అన్నా, మూడు గొట్టాల మీదా నీళ్ళు చల్లితే తెలీదా?" అన్నాడు వాడు. ఇంజను ఆపి, తడి వేళ్ళతో ఒక్కో గొట్టం మీద ఒక్కో చుక్క విదిల్చాడు. రెండు చుక్కలు చుయ్‌మని ఎగిరిపోయాయి. కుడివైపు కింది గొట్టం మీద చుక్క అలాగే జారిపోయింది. ప్లగ్గు విప్పితే నల్లగా, ఆయిలుతో తడిసి ఉంది. తుడిచి, నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు పాలు కాస్త తగ్గించేసరికి మూడూ అందుకున్నాయి. ఆ చప్పుడు రాయడం నాకు చేతకాదు. స్కూటరు చప్పుడు కాదు, ట్రాక్టరు చప్పుడు కాదు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, పొగ అన్నారు.

వరి కోతలయ్యాక ఊరికి దూరంగా ఒక ఎండు చేలో ఎగరేశాం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోల లోపు మోడళ్ళకు వెసులుబాటు ఉంది గానీ, కంటికి కనబడేంత దూరంలోనే నడపాలి, విమానాశ్రయం మండలాలు మ్యాపులో చూసుకోవాలి. గన్నవరానికి దూరంగా వెళ్ళింది అందుకే. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన రిమోటు పట్టారు. ఆరు నిమిషాలు ఎగిరి దిగింది. దిగగానే మేము చేసిన మొదటి పని కింది ప్లగ్గులు విప్పడం.

నీళ్ళ చుక్క వేసిన ఆ తమ్ముడు పరీక్షలవ్వగానే నా షెడ్డులో పనికి చేరతానన్నాడు. వాళ్ళమ్మ కూడా అదే అడగడానికి వచ్చింది. నాకూ మనిషి అవసరమే, వాడి లాంటివాడు మళ్ళీ దొరకడు. అయినా పనిలో పెట్టుకోనన్నాను. పాలిసెట్ దరఖాస్తు రుసుము నేనే కట్టాను. డిప్లొమా మూడేళ్ళూ ఆదివారాలు మాత్రం పంపమ్మా, ఆ రోజు కూలి పూర్తిగా ఇస్తానన్నాను. ఆమె చాలాసేపు లెక్క వేసుకుని, "మధ్యాన్నం అన్నం కూడా మీరే పెట్టాలి" అంది. సరేనన్నాను.